జియోథర్మల్ (భూగర్భ వేడిని వాడుకునే) బావి టెస్టుకు ముందు జాగ్రత్తలు

- హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువును కొలిచే మీటరు ప్రతి ఒక్కరి ఛాతీ దగ్గర ఆన్‌లో ఉండాలి. కుళ్లిన గుడ్ల వాసన ఆగిందంటే గ్యాస్ పోయినట్టు కాదు. సుమారు 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దగ్గర ముక్కే మొద్దుబారిపోతుంది. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, గుంటల్లో పేరుకుంటుంది. అక్కడికి ఎవరినీ ఒంటరిగా దిగనివ్వకండి.
- బావి నోటి దగ్గరి ప్రధాన వాల్వు, అంటే మాస్టర్ వాల్వు, కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక్కసారిగా వేడెక్కితే కేసింగ్ (బావి లోపలి ఉక్కు గొట్టం) సాగి, దాని చుట్టూ ఉన్న సిమెంటు పగలొచ్చు.
- ఆవిరి బయటికొచ్చే సైలెన్సర్ దగ్గర చెవులకు రక్షణ.
- క్రేన్ ఒక సబ్‌కాంట్రాక్టరుది, లాగింగ్ (బావిలోకి పరికరాలు దించి కొలవడం) ఇంకొకరిది, పైపులు మరొకరివి. నాకు టెన్షన్ ఇక్కడే. "వాళ్లు చూసుకుంటారులే" అని అందరూ వదిలేసిన ఫ్లాంజి (పైపుల అతుకు) బోల్టు మీద మీరే స్పానర్ పెట్టి చూడండి. వాల్వు తెరవమనే మాట ఒక్కరే చెప్పాలి. ఆపమనే హక్కు మాత్రం నిన్న చేరిన హెల్పరుకూ ఉండాలి.