సెండాఫ్ స్కిట్‌కి నవ్వులు రాలేదా? స్క్రిప్టు చించేముందు ఇవి చూసుకోండి

జనవరి చివరికి వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరు అంచున ఆనేకల్, సర్జాపుర, హొసకోటె వైపు హైస్కూళ్లలో పదో తరగతి పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, వీధిలో రెండూ కలిపి మాట్లాడేవాళ్లు. అందరిదీ ఒకటే గోడు: "అన్నా, మా సెండాఫ్‌లో కామెడీ స్కిట్ ఉంది, పోయినేడు సీనియర్లు చేస్తే ఒక్కరూ నవ్వలేదు, మాదీ అట్లే అవుతుందేమో, స్క్రిప్టు చూసి ఇంకో నాలుగు పంచ్‌లు వేయన్నా." చూస్తాను. బాగానే ఉంటుంది. పోయినేడు వాళ్లదీ బాగానే ఉండుంటుంది. నవ్వు రాకపోతే తప్పు జోకుదే అనుకుని కాగితాలు చించేవాళ్లే గానీ, స్టేజీ దగ్గరకెళ్లి ఒక్కసారి నిలబడి చూసేవాళ్లు కనపడరు.

హెచ్చెమ్ పర్మిషన్, క్లాస్ టీచర్ ఒకసారి చదవడం, పది నిమిషాలు దాటకపోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే అనుకుని మొదలుపెడుతున్నా.

సమస్య: మొదటి జోకు నుంచే చలనం లేదు, వెనక వరుసలు సొంత కబుర్లలో ఉన్నాయి

వాళ్లకు వినిపించడం లేదు, అంతే. "హలో హలో మైక్ టెస్టింగ్" అంటే ఎవరికైనా వినిపిస్తుంది, అది టెస్టింగ్ కాదు. స్కిట్‌లోని డైలాగునే, స్టేజీ మీద చెప్పే స్పీడులోనే చెప్పి, గేటు దగ్గర చివరి కుర్చీలో కూర్చోబెట్టిన పిల్లవాడిని తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే నేరుగా సౌండ్ సిస్టమ్ ఆయన దగ్గరకెళ్లి ఎకో తీసేయమనండి. ఎకో పెట్టకపోతే ఇచ్చిన డబ్బులకు న్యాయం చేయలేదని ఆయన బాధ. పాటకు బాగుంటుంది, ఉపన్యాసానికి గంభీరంగా ఉంటుంది, జోకు మాత్రం చస్తుంది, ఎందుకంటే నవ్వంతా చివరి మాట మీద ఉంటుంది, సరిగ్గా ఆ మాట మీదకే ముందు మాటల ప్రతిధ్వని వచ్చి కూర్చుంటుంది. మైకు గడ్డం దగ్గర ఉండాలి, బొడ్డు దగ్గర కాదు. నలుగురికి ఒకటే మైకు అయితే మాటలన్నీ ఇద్దరికే ఇచ్చేసి మిగతా ఇద్దరికీ మాటల్లేని వేషాలు రాయండి.

ఈ ఒక్క చెక్ చేసుకోకుండా నాకు స్క్రిప్టు పంపకండి.

సమస్య: రిహార్సల్‌లో పడీపడీ నవ్వారు, అసలు రోజు సార్ల ఇమిటేషన్ రాగానే నవ్వు మొదలై సగంలో తెగిపోయింది

నన్ను బాగా సతాయించింది ఇదే, అందుకే ఓపిగ్గా చదవండి. ఎవరో ఒకరు ఫోన్లో వీడియో తీసి ఉంటారు కదా, అది పెట్టుకుని యాక్టర్లను కాదు, జనాన్ని చూడండి. లెక్కల సార్ వేషం వేసినవాడు "ఇది చాలా ఈజీ" అంటూ బోర్డంతా నింపేసి, చెరిపేసి, మళ్లీ నింపుతాడు. నవ్వు లేస్తుంది. వెంటనే అందరి చూపూ యాక్టరు తల మీదుగా వెనక్కి పోతుంది, అక్కడితో నవ్వు ఆగిపోతుంది. ఆ వెనకాల కూర్చున్నది అసలు లెక్కల సార్.

మన సభల్లో పెద్దలు వేదిక మీదే, జనానికి ఎదురుగా కూర్చుంటారు. జ్యోతి వెలిగించడం, మైసూరు పేటా (తలపాగా), శాలువా, పండ్ల బుట్ట అన్నీ అయిపోయినా కుర్చీలు అక్కడే ఉంటాయి, స్కిట్ వాళ్ల ముందు జరుగుతుంది. అంటే సార్‌కి కనపడేది మీ వీపు. వినపడేది అంతకన్నా అన్యాయం. స్పీకర్ బాక్సులు జనం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి వెనక ఉన్నవాళ్లకు బరువైన శబ్దం గుయ్యిమని చేరుతుంది, మాటను మాటగా గుర్తుపట్టించే స, త, చ లాంటి సన్న శబ్దాలు మాత్రం ముందుకే వెళ్లిపోతాయి. జోకు అర్థం కాని మనిషి ముఖం మామూలుగా ఉంటుంది. లెక్కల సార్ మామూలు ముఖం ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. సార్‌కి కోపం వచ్చిందనుకుంటాడు తొమ్మిదో తరగతి వాడు, వాడేమో రేపటి నుంచి ఆయన క్లాసులో కూర్చోవాలి, నవ్వు మింగేస్తాడు. వాడిని చూసి పక్కవాడు. రిహార్సల్‌లో ఆ కుర్చీలు ఖాళీ, అందుకే అప్పుడు పేలింది.

ఇది తెలియక చేసే పనులు: గట్టిగా అరవడం, ఇంకో రెండు పంచ్‌లు అతికించడం, సార్ల జోలికి పోకుండా ఆయమ్మనో వాచ్‌మన్‌నో పట్టుకోవడం. చివరిది దయచేసి వద్దు, చూడ్డానికే బాగుండదు.

మార్చాల్సింది కుర్చీలు. "సార్, కిందకు దిగండి" అని హెచ్చెమ్‌కి చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, అవసరం కూడా లేదు. సన్మానాలు కాగానే గ్రూప్ ఫోటో పెట్టండి, స్టేజీ మీద కాదు, కింద మెట్ల ముందు. ఫోటో అంటే ఎంత పెద్దమనిషైనా దిగుతాడు. ఫోటో తీసిన చోటే మొదటి వరుస ఖాళీగా, కుర్చీలకు పేర్లు అతికించి, మజ్జిగ గ్లాసులతో సిద్ధంగా ఉండాలి. ఆ సందులో ఇద్దరు పిల్లలు స్టేజీ మీది కుర్చీలూ టేబులూ తీసేయాలి, లేకపోతే ఎవరో ఒకాయన అలవాటుగా మళ్లీ ఎక్కేస్తారు, ఆయన వెనక అందరూ. ఈ క్రమమంతా యాంకర్ కాగితంలో రాసి ఉండాలి, నోటిమాటగా చెప్తే మర్చిపోతాడు.

చోటు లేదు, దించడం కుదరదు అంటే కుర్చీలను స్టేజీకి ఒక పక్కగా, ఏటవాలుగా వేయించండి, యాక్టర్లు రెండో పక్క నిలబడాలి. చిన్న బాక్సు ఒకటి తక్కువ సౌండుతో సార్ల వైపు తిప్పించండి, అది మైకుకు ఎదురుగా పడితే కుయ్యిమని కూస్తుంది, చూసుకోండి. తర్వాత ఆ కుర్చీల్లో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి ఏం వినపడిందో అడగండి.

ముందురోజు ఆ సార్ చెవిలో "సార్, రేపు మా స్కిట్‌లో మీరూ ఉన్నారు" అని వేయండి. ఇంకా మంచిది, చివరి డైలాగు ఆయనకే ఇవ్వడం. నిజం సార్ లేచి దొంగ సార్‌ని "హోంవర్క్ ఏదిరా?" అంటే చాలు, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా ఎవరికీ వినపడదు.

సమస్య: జూనియర్లకు వీలునామా చదువుతుంటే సాగుతోంది

వెళ్లిపోయే పదోవాళ్లు బడిలోని వస్తువులు జూనియర్లకు రాసిచ్చినట్టు చదివే ఉత్తుత్తి వీలునామా ఇది. క్లాసులో అందరి పేరూ రావాలని పట్టుబట్టి నలభై వాక్యాలు రాస్తారు, అందుకే. పది చాలు. మిగతా పేర్లు సాక్షి సంతకాల్లో గబగబా చదివేయండి. ఇచ్చే వస్తువు హాల్లో వాళ్లు రోజూ చూసేదై ఉండాలి. మన వైపు ఇంటింటా సైట్ల, అంటే ఇళ్ల స్థలాల గొడవే (కాగితాలు పక్కాగా ఉంటే ఎ ఖాతా, లేకపోతే బి ఖాతా) కాబట్టి ఆ భాష వాడుకోండి: "ప్రార్థనలో చివరి వరుస, తూర్పున స్తంభం, పడమర నీళ్ల కుళాయి హద్దులుగా గల నిద్రాస్థలం తొమ్మిదో తరగతి వారికి. మూడో బెంచీ, కింద అతికిన బబుల్‌గమ్ములతో సహా. ప్రస్తుతం బి ఖాతా, ఎ ఖాతా కావాలంటే హెచ్చెమ్ సార్‌ని కలవండి."

పాత బ్యాచుల జోకులు దించకండి. ఎనిమిదో తరగతికి కర్ణాటక సర్కారు ఇచ్చిన సైకిళ్ల మీద అన్నలు బోలెడు వేశారు, 2006-07లో మొదలైన ఆ సైకిళ్లు కోవిడ్ నాటికి ఆగిపోయాయి, ఇప్పటి పిల్లలకు తెలియవు. బడిలో సర్కారు పోసే క్షీరభాగ్య పాల గ్లాసు అయితే అందరూ చేత్తో పట్టుకున్నదే.

సమస్య: నవ్వారు గానీ ఒకమ్మాయి ఏడ్చింది, తల్లిదండ్రులు ముఖం మాడ్చుకున్నారు

ఎవరి మార్కులో, రంగో, ఇంటి పరిస్థితో, ఎవరికి ఎవరంటే ఇష్టమో లాగి ఉంటారు. తీసేయండి. మార్కుల జోకు కావాలంటే మీ మీదే వేసుకోండి. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ఒకటికి మించి అవకాశాలు ఉన్నాయి కదా, "అన్నీ కలిపితే నాకూ 625కి 625 వస్తాయి" అని ఒక బ్యాక్‌బెంచర్ అంటే ఏ అమ్మా నొచ్చుకోదు.

సమస్య: పోయిన వారం పేలిన స్కిట్టే, ఈరోజు హాలంతా ముక్కులు చీదుతోంది

వీడ్కోలు పాట తర్వాత పెట్టారు. పాటకు ముందు పెట్టండి.

సమస్య: తెలుగులో నవ్వొచ్చింది, కన్నడలోకి మారిస్తే పోయింది

మొత్తం మార్చారు కాబట్టి. కథ కన్నడలో నడపండి, ఇంట్లో అమ్మానాన్న తిట్టే తిట్టు మాత్రం తెలుగులోనే ఉంచండి, ఈ ఊళ్లలో కన్నడ పిల్లలకూ అది అర్థమవుతుంది. తమిళం మాట్లాడే పిల్లలు ఎక్కువుంటే వాళ్లలో ఒకడికి వేషం ఇవ్వండి.

ఇక మీసం ఊడడం, చీఫ్ గెస్టు రాకపోవడం, ఫిబ్రవరిలో వాన లాంటివి అడుగుతూ ఉంటారు. మీసం ఊడితే ఇంకా నవ్వుతారు. గెస్టు రాకపోతే టైం మిగులుతుంది. వాన సంగతి షామియానా వాళ్లను అడగండి. కరెంటు పోతే మాత్రం స్కిట్ ఆపి, గొంతు పెద్దదైన వాడి చేతికి వీలునామా ఇచ్చి జనం మధ్యలోకి పంపించండి.