సైనిక కుటుంబం కష్టంలో ఉంటే సాయం అందేలా చూడటం ఎలా?

మా వీధి చివర ఒక మామ్మగారు ఉండేవారు. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి డబ్బు కావాలని మేమంతా చందాలు వేసుకుంటుంటే, ఆవిడ మంచం కింద ఒక నల్ల ట్రంకు పెట్టె కనిపించింది. మూత మీద తెల్ల పెయింటుతో ఇంగ్లిషు అక్షరాలు: ఒక నంబరు, ర్యాంకు, పేరు. "ఇదెవరిది మామ్మగారూ?" అని అడిగితే, "మీ తాతగారిది బాబూ. తొమ్మిదేళ్లు మిలిటరీలో చేశాడు. పెన్షన్ రాలేదుగా, ఇంక మనకేమీ ఉండదని ఊరుకున్నాం" అన్నారు.

ఉంది. పెన్షన్ లేనివాళ్ల కోసమే పెట్టిన సాయాలున్నాయి. చాలా సైనిక కుటుంబాల విషయంలో డబ్బు లేక సాయం ఆగదు. ఫలానా వారు సైనికుడి కుటుంబమని చూపించే కాగితం లేక ఆగుతుంది. మీకు తెలిసిన కుటుంబం ఏదైనా ఇలాంటి ఇబ్బందిలో ఉంటే, చందా పుస్తకం పట్టుకునే ముందే ఈ పనులు మొదలుపెట్టండి.

1. ముందు ఆయన ఎందులో పనిచేశారో తేల్చుకోండి

మన ఊళ్లలో యూనిఫాం వేసుకుని బోర్డర్‌కి వెళ్లిన ప్రతివారినీ "మిలిటరీ ఆయన" అనేస్తాం. సాయం దగ్గరికొచ్చేసరికి ఈ మాట సరిపోదు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ రక్షణ శాఖ కిందకి వస్తాయి. వీళ్ల కుటుంబాల సంక్షేమం చూసేది ఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు, దానికి అనుబంధంగా రాష్ట్రాల్లో, జిల్లాల్లో ఉన్న సైనిక సంక్షేమ కార్యాలయాలు. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటివి హోం శాఖవి. వాళ్ల కుటుంబాలు ఆ దళం సంక్షేమ విభాగాన్నే పట్టుకోవాలి. ఇది తెలియక జిల్లా సైనిక కార్యాలయానికి వెళ్లి, "మాకు సంబంధం లేదమ్మా" అనిపించుకుని వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. ఒక పూట కూలి, బస్సు ఛార్జీలు దండగ.

రెండో ప్రశ్న: పెన్షన్ ఉందా, లేదా? సిపాయికి సర్వీసు పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఇంట్లో పరిస్థితుల వల్ల మధ్యలోనే వచ్చేసినవాళ్లకు అది ఉండదు. పెన్షన్ ఉన్నవాళ్లకు వైద్యం ఒక దారి, లేనివాళ్లకు ఇంకో దారి.

మనిషి ఇంకా సర్వీసులోనే ఉంటే పని తేలిక. ఆయన యూనిట్‌కి ఫోన్ చేయించండి. కుటుంబం అత్యవసరంలో ఉందంటే యూనిట్ వాళ్లే దగ్గర్లోని మిలిటరీ ఆసుపత్రితో మాట్లాడతారు.

2. కాగితాలు వెతకండి

ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే. కావాల్సినవి: డిశ్చార్జి బుక్కు (సర్వీసు నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే పుస్తకం), పెన్షన్ ఉంటే పీపీవో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల పుట్టిన తేదీల సర్టిఫికెట్లు.

డిశ్చార్జి బుక్కు చెదలు తినేసి ఉండొచ్చు, ఇల్లు మారినప్పుడు పోయి ఉండొచ్చు. ధైర్యం వదిలేయకండి. సర్వీసు నంబరు ఒక్కటి దొరికితే దారి ఉంటుంది. పాత ఉత్తరాల మీద, గ్రూప్ ఫొటో వెనక, మెడల్ అంచు మీద చూడండి. మామ్మగారి విషయంలో ఆ నంబరు ట్రంకు పెట్టె మూత మీదే ఉంది. ముప్పై ఏళ్లుగా దాని మీద పరుపులు పెడుతున్నారు.

నంబరుతో ఆ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి రాయాలి. ఆర్టిలరీ (ఫిరంగి దళం) అయితే నాసిక్, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆయుధాలు, సామాన్లు సరఫరా చేసే ఆర్డ్‌నెన్స్ కోర్, వాహనాలు, యంత్రాల రిపేర్లు చూసే ఈఎంఈ రెండూ సికింద్రాబాద్. ఎయిర్‌ఫోర్స్ రికార్డులు ఢిల్లీలో, నావికులవి ముంబైలో ఉంటాయి. సొంతంగా రాసినా పర్వాలేదు గానీ, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా వెళ్తే జవాబు ఖాయంగా వస్తుందన్నది నా అనుభవం.

ఇక పేర్ల గొడవ. పెళ్లయినప్పుడు ఆయన రికార్డులో భార్య పేరు "లక్ష్మి" అని రాయించి ఉంటారు. ఆధార్‌లో "లక్ష్మమ్మ" అని ఉంటుంది. పుట్టిన తేదీ రెండు చోట్లా రెండు రకాలు. మనకి ఇది చిన్న విషయం, ఆఫీసులో ఇది ఇద్దరు వేరు వేరు మనుషులు. రికార్డ్ ఆఫీసు అడిగిన అఫిడవిట్ ఇచ్చి సరిచేయించాలి, దీనికే కొన్ని నెలలు పట్టొచ్చు. అందుకే చెప్తున్నాను, మీకు తెలిసిన మాజీ సైనికులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడగండి: "బాబాయ్, పిన్ని పేరు మీ రికార్డులో ఎలా ఉందో చూశావా?" అని. ఆయన బతికుండగా ఆయనే చేయించుకోగలిగిన పని, ఆయన పోయాక ఆవిడ మీద పెద్ద భారంగా పడుతుంది.

3. ఆసుపత్రిలో ఉంటే, ముందు ఈసీహెచ్ఎస్ సంగతి చూడండి

పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకు, కుటుంబ పెన్షన్ వచ్చే భార్యకు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకు 2003 ఏప్రిల్ 1 నుంచి ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం నడుస్తోంది. కార్డు ఉంటే ఈ పథకం కింద నడిచే పాలీక్లినిక్‌కి వెళ్లి రిఫరల్ (పెద్దాసుపత్రికి పంపే చీటీ) తీసుకుని, ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టకుండా వైద్యం చేయించుకోవచ్చు. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లకు చేరడానికి చందా కూడా లేదు. నెలనెలా పెన్షన్ తీసుకుంటూ ఈ కార్డు మాత్రం చేయించుకోని వృద్ధులు ఇప్పటికీ కనిపిస్తుంటారు. ఊళ్లో మిలిటరీ పెన్షన్ వచ్చే ప్రతి ఇంటికీ వెళ్లి కార్డు ఉందో లేదో అడగండి. మీరు చేయగల అతి పెద్ద ధర్మకార్యం అదే కావచ్చు.

గుండెపోటో, యాక్సిడెంటో అయినప్పుడు ఒప్పందం ఉన్న ఆసుపత్రి కోసం వెతుక్కుంటూ కూర్చోలేం. దగ్గర్లో ఏది ఉంటే అందులో చేర్చేయండి. కాకపోతే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కి కబురు చేయాలి. ఆ కంగారులో ఇంట్లోవాళ్లకి ఇది గుర్తు ఉండదు. ఆ ఒక్క ఫోన్ పని మీరు మీద వేసుకోండి, ఎవరితో ఏ టైమ్‌కి మాట్లాడారో రాసిపెట్టుకోండి. ఎమర్జెన్సీ అని డాక్టర్ రాసిన సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు అన్నీ దాచండి. తర్వాత క్లెయిమ్ చేస్తే నిర్ణయించిన రేట్ల ప్రకారమే వస్తుంది. మొత్తం వస్తుందని కుటుంబానికి మాటివ్వకండి.

4. పెన్షన్ లేనివాళ్లకు సైనిక్ బోర్డు సాయం

సాయుధ దళాల పతాక నిధి నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే గ్రాంట్లు ఇవి. 2025 నవంబర్ 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు వీటిలో కొన్నిటిని రెట్టింపు చేశారు.

హవల్దారు, ఆ కింది ర్యాంకుల్లో పనిచేసి, పెన్షన్ లేకుండా, 65 ఏళ్లు దాటి, ఏ ఆదాయమూ లేనివారికి, లేదా వారు చనిపోతే వారి భార్యకు నెలకు 8,000 రూపాయలు. ఇంతకుముందు ఇది 4,000. పిల్లల చదువుకి, ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒక్కొక్కరికి నెలకు 2,000. కూతురి పెళ్లికి లక్ష రూపాయలు, ఇద్దరు ఆడపిల్లల వరకు. భర్తను పోగొట్టుకున్న ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ లక్ష వస్తుంది. చదువుకీ పెళ్లికీ ఇచ్చే గ్రాంట్లకి పెన్షన్ ఉన్న హవల్దారు స్థాయి వరకు కుటుంబాలు కూడా పెట్టుకోవచ్చు.

వైద్యానికి పెన్షన్ లేనివాళ్లకు రెండు రకాలు. మామూలు వైద్య ఖర్చులకు ఒకటి, హవల్దారు వరకు. క్యాన్సర్, బైపాస్, డయాలసిస్ లాంటి పెద్ద జబ్బులకు ఇంకోటి, దానికి ర్యాంకుతో పని లేదు.

దరఖాస్తు బోర్డు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఒరిజినల్ కాగితాలే స్కాన్ చేయండి, జిరాక్స్ కాపీలు వద్దు. తర్వాత జిల్లా కార్యాలయంలో ఒరిజినల్స్ చూపించాలి. తెలంగాణలో ఇవి ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయాలు, ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు. అక్కడి నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి వెళ్తుంది. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మధ్యలో "నేను చేయిస్తాను, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

వృద్ధురాలిని ఒంటరిగా పంపకండి. పక్కన కూర్చోండి. మామ్మగారిని తీసుకెళ్లిన రోజు అక్కడి గుమస్తా ఆవిడకి కుర్చీ వేసి, "మీ వారిది ఏ రెజిమెంటమ్మా?" అని అడిగాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో ఆ మాట అడిగారని ఆవిడ కళ్లొత్తుకున్నారు.

5. ఈలోపు ఇంటి ఖర్చు ఎలా?

గ్రాంటు వచ్చేదాకా జబ్బు ఆగదు. ఇక్కడే మన చందా కావాలి. ఆసుపత్రి డబ్బయితే నేరుగా ఆసుపత్రి బిల్లుకి కట్టండి. ఇంటి ఖర్చయితే ఆవిడ సొంత ఖాతాలోకే వేయండి, బంధువుల ఖాతాలోకి వద్దు. భర్త పోయిన కొద్ది రోజులకే డబ్బు దగ్గర అత్తమామలకీ కోడలికీ మధ్య గొడవలు రావడం చూస్తూనే ఉన్నాం. మన వల్ల ఇంకొకటి రాకూడదు. ఎవరు ఎంత ఇచ్చారో ఒక నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకం కుటుంబానికే ఇచ్చేయండి.

చెక్కు చేతికిస్తూ ఫొటో మాత్రం వద్దు. దేశానికి పనిచేసిన మనిషి ఇల్లు అది. చేయి చాచిన ఫొటో వీధి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే వాళ్లు రెండోసారి అవసరమొచ్చినా అడగరు.

6. ఏ కుటుంబమూ తెలియదు, డబ్బు ఇవ్వాలని ఉంది అంటే

1949 నుంచి ఏటా డిసెంబర్ 7న పతాక దినోత్సవం జరుగుతోంది. బడిలో చొక్కాకి గుండుసూదితో గుచ్చిన చిన్న జెండా గుర్తుందా? ఆ చందా వెళ్లేది ఈ పతాక నిధికే. డిసెంబర్ దాకా ఆగక్కర్లేదు, ఏడాది పొడవునా కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో ఇవ్వొచ్చు. యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన, గాయపడిన సైనికుల కుటుంబాల కోసం రక్షణ శాఖ 2022లో మొదలుపెట్టిన మా భారతీ కే సపూత్ ఉంది. హోం శాఖ దళాల అమరుల కోసం 2017లో వచ్చిన భారత్ కే వీర్‌లో నేరుగా ఫలానా జవాను కుటుంబానికే ఇవ్వొచ్చు.

బోర్డర్‌లో ఏదైనా జరిగినప్పుడల్లా వాట్సాప్‌లో ఒక అకౌంట్ నంబరు తిరుగుతుంది. దాన్ని ఫార్వర్డ్ చేయకండి. ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచి, అక్కడున్న ఖాతాతో సరిచూసుకుని అప్పుడు పంపండి.

ఇవన్నీ ఒక కుటుంబానికి చేసి పెట్టాక ఇంకో పని మిగులుతుంది. చదువు గ్రాంటుకి ప్రతి ఏడాదీ మళ్లీ దరఖాస్తు పెట్టాలి, మర్చిపోతే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. పిల్లల పరీక్షల ఫలితాలొచ్చే నెలలో వాళ్లింటి గోడ క్యాలెండర్ మీద "సైనిక్ ఆఫీసు" అని మీరే ఎర్ర పెన్నుతో రాసి రండి.