శ్రీకాకుళం, విజయనగరం నుంచి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్తున్నారా: ఏ రైడ్‌ని ఎలా చూడాలి, టైమ్ దేనికి పెట్టాలి

మన సైడు నుంచి ఫ్యామిలీతో ఫిల్మ్ సిటీ ప్లాన్ చేసేవాళ్ళు ముందు అడిగేది ఒకటే, "అక్కడ రైడ్స్ బావుంటాయా?" అని. దీనికి అవునన్నా తప్పే, కాదన్నా తప్పే, ఎందుకంటే అది రైడ్ల కోసం కట్టిన పార్క్ కాదు, సినిమాలు తీయడానికి 1996లో మొదలైన స్టూడియో, 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్ద స్టూడియో కాంప్లెక్స్ అని గిన్నిస్ లోకి కూడా ఎక్కింది. అలాంటి చోటికి పోయి జెయింట్ వీల్ ఎంత ఎత్తుంది, రోలర్ కోస్టర్ ఎన్నిసార్లు తలకిందులైంది అని లెక్కేస్తే ఎవరికైనా నిరాశే. అసలు ఈ స్టూడియో టూర్ అనేది కూడా పాత ఐడియానే, అమెరికాలో యూనివర్సల్ వాళ్ళు 1915లోనే పాతిక సెంట్లు తీసుకుని మూకీ సినిమాల షూటింగ్ జనానికి చూపించేవారు, టాకీలు వచ్చాక జనం గోలకి సౌండ్ పాడవుద్దని ఆపేశారు, మళ్ళీ 1964లో ట్రామ్ బండి ఎక్కించి తిప్పడం మొదలెట్టారు. రామోజీ ఈ జాతి పార్కే. డిస్నీల్యాండ్ జాతి వేరు, అక్కడ షూటింగ్ గొడవ లేదు, మొదటి ఇటుక నుంచి అంతా చూడ్డానికొచ్చే జనం కోసమే. ఇంక మీ ఇంట్లో కాలేజీ కుర్రాళ్ళు ఉండి వాళ్ళకి కేకలు పెట్టే రైడ్సే కావాలంటే, రావిర్యాలలో వండర్‌లా అనే రైడ్ల పార్క్ ఉంది, 2016లో పెట్టారు, రీకాయిల్ లాంటి ముందుకీ వెనక్కీ తలకిందులు చేసే కోస్టర్ అక్కడ దొరుకుద్ది. రెండూ ఔటర్ రింగ్ రోడ్డుకి దగ్గరే కాబట్టి రెండ్రోజులుంటే చెరో రోజు పెట్టుకోండి, ఒకే రోజులో రెండూ అని మాత్రం ఎవరైనా చెప్తే వినకండి.

వెళ్ళడం గురించి. ఆమదాలవలసలో గానీ విజయనగరంలో గానీ ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్ రైళ్ళు ఎక్కొచ్చు, సికింద్రాబాద్‌లో దిగాక అక్కణ్ణుంచి ఊరంతా దాటి ఎల్బీ నగర్, హయత్‌నగర్ మీదుగా విజయవాడ హైవే వైపు వెనక్కి రావాలి, పిల్లలూ సామాన్లతో ఆ ట్రాఫిక్‌లోనే సగం ఓపిక పోద్ది. బస్సులో వెళ్ళేవాళ్ళకి ఇక్కడో లాభం ఉంది, చాలామంది పట్టించుకోరు. మన శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ పోయే బస్సు విజయవాడ మీదుగా వెళ్ళినా ఖమ్మం మీదుగా వెళ్ళినా సూర్యాపేట నుంచి అదే హైవే, చౌటుప్పల్ దాటాక ఫిల్మ్ సిటీ గేటు ముందునుంచే పోవాలి, ఊరింకా రాకముందే. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి చెప్పి పెట్టుకుంటే అక్కడే దిగిపోవచ్చు. కాకపోతే రాత్రంతా బస్సులో కూర్చుని దిగినవెంటనే ఎండలో తిరగడం పెద్దోళ్ళ వల్ల కాదు, వాళ్ళుంటే ముందు రోజు చేరి ఎక్కడైనా పడుకోండి.

ఉండడానికి లోపలే హోటళ్ళున్నాయి. సితార అన్నిటికంటే ఖరీదు, తార దానికంటే తక్కువ, శాంతినికేతన్ ఇంకా తక్కువ, స్కూల్ పిల్లల గుంపులకి సహారా. టికెట్టూ రూమూ కలిపి ప్యాకేజీ ఇస్తారు, రేట్లు సీజన్‌ని బట్టి మారతాయి, వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో చూసి బుక్ చేస్కోండి, మధ్యలో ఏజెంట్ ఎందుకు. లోపల ఉండడం వల్ల లాభం ఏటంటే మధ్యాహ్నం పిల్లలు పడిపోతే రూముకి తీసుకెళ్ళి కాసేపు పడుకోబెట్టొచ్చు, సాయంత్రం మళ్ళీ రావొచ్చు. ఒక్కరోజుకే పోయి వచ్చేసేవాళ్ళకి ఆ డబ్బు దండగ.

గేటు తొమ్మిదింటికి తీస్తారు. మీరు ఆ టైముకే అక్కడుండాలి, ఎందుకంటే టికెట్ తీసుకోగానే పార్క్ రాదు, వాళ్ళ బస్సెక్కి లోపలికి చాలా దూరం పోతే గానీ యురేకా అనే మెయిన్ ప్లాజా రాదు. దిగగానే అందరూ ఫోటోలకి పరిగెడతారు, మీరు మాత్రం ఆ రోజు షోల టైమింగ్స్ ఏటో కనుక్కోండి. రైడ్ ఎప్పుడైనా ఎక్కొచ్చు, షో మాత్రం మీ కోసం ఆగదు కదా. వైల్డ్ వెస్ట్ స్టంట్ షో, స్పిరిట్ ఆఫ్ రామోజీ డాన్స్ షో టైములు ముందు రాసుకుని మిగతావన్నీ వాటి మధ్యలో ఇరికించుకోవాలి. సెట్లన్నీ తిప్పి చూపించే బస్సు టూర్ పొద్దున్నే ముగించేయండి, సెట్ల దగ్గర దిగి నడవాలి, నీడ తక్కువ, పదకొండు దాటితే చెమటలు. ఎండ నెత్తిమీదున్నప్పుడు లోపల జరిగేవి చూసుకోండి, మూవీ మ్యాజిక్ బిల్డింగ్ అందుకే. పక్షులూ సీతాకోకచిలుకలూ బోన్సాయ్ తోటా సాయంత్రానికి.

ఎర్ర బస్సు టూర్‌ని చాలామంది టైమ్‌పాస్ అనుకుని ఫోన్లు చూసుకుంటారు, నన్నడిగితే ఆ పార్కులో అసలైన రైడ్ అదే. రైల్వే స్టేషన్ సెట్ ఉంటాది, నిజం ప్లాట్‌ఫామే అనిపిస్తాది, బోర్డు మార్చేస్తే ఇవాళ ఓ ఊరు రేపు ఇంకో ఊరు. ఎయిర్‌పోర్ట్ సెట్ ఉంది, ఒకే బిల్డింగ్ ఓ వైపు నుంచి ఒకలా, చుట్టూ తిరిగొస్తే ఇంకోలా కనపడేవి ఉన్నాయి. బాహుబలి సెట్ దగ్గర ఎక్కువసేపు ఆపమని గైడ్‌ని అడగండి. అక్కడ మా పిన్ని ఓ పెద్ద రాతి స్తంభాన్ని దండం పెట్టినట్టు ముట్టుకుని, అనుమానం వచ్చి వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది, లోపల డొల్లగా డబడబమంది. కింద అంచు దగ్గర రంగు లేచిపోయిన చోట తెల్లటి ప్లాస్టర్, దాని వెనక చెక్క కనపడతాంది, నాలుగడుగులు వెనక్కొచ్చి చూస్తే మళ్ళీ నల్లరాయే. సెట్ బాగుందా లేదా అనేది ఇలాగే చూడాలి, దగ్గరికెళ్ళి మోసం పట్టుకున్నాక కూడా దూరం నుంచి మీ కన్ను మళ్ళీ మోసపోతే ఆ పనోడు గట్టోడు.

ఇంక రైడ్లు. మూవీ మ్యాజిక్‌లో మూడు రకాలు దొరుకుతాయి, మూడింటికీ ఒకే కొలత పెట్టకండి. ఫిల్మీ దునియాలో బండిలో కూర్చుంటే అది మెల్లగా బొమ్మల ఊళ్ళ మధ్యనుంచి తీసుకుపోద్ది, దీన్ని డార్క్ రైడ్ అంటారు. ఇది స్లోగా ఉంది బోర్ అని దిగేసేవాళ్ళు చాలామంది, స్లోగా ఉండడమే దాని పని. ఇలాంటి రైడ్‌లో చూడాల్సింది ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కి మారే చోటు. పక్క సీన్ పాట ఈ సీన్‌లోకి వినపడిపోతాందా, తలుపు సందులోంచి బయటి వెలుతురు పడతాందా, బొమ్మ చెయ్యి సగంలో ఆగి ఉందా, ఇవి చూస్తే మెయింటెనెన్స్ ఎలా ఉందో తెలిసిపోద్ది. ఇదే లెక్క సింగపూర్ యూనివర్సల్‌కి పోయినా, గల్ఫ్‌లో పనిచేసే మన ఉద్దానం కుర్రాళ్ళు సెలవు రోజు దుబాయ్‌లో మోషన్‌గేట్ అనే సినిమా పార్కుకి పోయినా పనికొస్తాది.

స్పేస్ యాత్ర సిమ్యులేటర్. మీరు కూర్చున్న గది నిజానికి ఎక్కడికీ పోదు, కొంచెం అటూ ఇటూ వంగుద్ది అంతే. గదిని వెనక్కి వాల్చినప్పుడు మీ బరువే మిమ్మల్ని సీటుకి నొక్కుద్ది, అదే టైమ్‌లో తెర మీద రాకెట్ దూసుకుపోతా ఉంటాది కాబట్టి బుర్ర దాన్ని స్పీడ్ అనుకుంటాది. దీన్ని కొలవడానికి ఓ చిట్కా, మధ్యలో కాసేపు కళ్ళు మూసుకోండి. కళ్ళు మూయగానే రైడ్ మొత్తం మాయమైపోతే పనంతా తెరే చేస్తాంది, మిషన్ ఏం చేయట్లేదు. కళ్ళు మూసినా మలుపు ఎటు తిరిగిందో తెలుస్తా ఉంటే అది మంచి రైడ్. కళ్ళు తెరిచాక చూడాల్సింది టైమింగ్, తెర మీద గుద్దుకున్నప్పుడే సీటు అదరాలి, అర సెకను లేటైతే మజా పోవడం అటుంచి కడుపులో తిప్పుద్ది. వాంతులొచ్చేది ఎందుకంటే కన్ను కదులుతున్నాం అంటాది, చెవి లోపలుండే బ్యాలెన్స్ భాగం లేదు కూర్చునే ఉన్నాం అంటాది, ఇద్దరికీ తగువు. మన పాడేరు ఘాట్ రోడ్డులో వాంతి చేసుకునే పిల్లలుంటే టిఫిన్ తినగానే దీన్ని ఎక్కించకండి, మధ్య సీట్లో కూర్చోబెట్టండి.

యాక్షన్ థియేటర్‌లో ప్రేక్షకుల్లోంచి ఒకళ్ళిద్దర్ని పైకి పిలుస్తారు, కదలని గుర్రబ్బండి మీద కూర్చోబెట్టి ఊపుతారు, ఇంకోచోట సౌండ్లు చేయిస్తారు, చివర్లో అన్నీ కలిపి తెరమీద వేస్తే నిజంగా బండి పరిగెట్టినట్టే ఉంటాది. ఇక్కడ సిగ్గుపడి వెనకాల కూర్చోకండి, చెయ్యెత్తండి, మీ ఇంటావిడ స్టేజీ ఎక్కితే ఆ ట్రిప్‌లో ఇంట్లో పదేళ్ళు చెప్పుకునేది అదే అవుద్ది. స్టంట్ షోకి మాత్రం మొదటి వరస వద్దు, పొగా మందుగుండు శబ్దాలూ ఉంటాయి, చంటిపిల్లలు జడుసుకుంటారు, మధ్యలో కాస్త పైకి కూర్చుంటే మొత్తం కనపడుద్ది. గుద్దు తగలకముందే ఢిష్యుం వినపడిందా, పైనుంచి పడినోడు ఎక్కడ పడ్డాడు, వాడి కింద ఏం పెట్టుంటారు అని చూస్తా ఉంటే ఆ షోకి రెండింతలు మజా.

బయట ఉండే తిరిగేవీ ఊగేవీ, బంపర్ కార్లూ, వీటి గురించి నా మాట సూటిగా చెప్తాను. పైడితల్లమ్మ జాతర టైములో విజయనగరం ఎగ్జిబిషన్‌లో కొలంబస్, బ్రేక్ డాన్స్ ఎక్కినోళ్ళకి ఇవి కొత్తేం కాదు. క్యూ చిన్నదైతే ఎక్కండి, పెద్దదైతే వదిలేయండి. నేను పెట్టుకున్న రూల్ ఏటంటే రైడ్ మూడు నిమిషాలైతే అరగంట కంటే ఎక్కువ నిలబడను. ఊగే పడవ ఎక్కితే చివర సీట్లే ఎక్కువ ఎత్తుకి లేస్తాయి, భయస్తులు మధ్యలో కూర్చోవాలి. కోస్టర్‌లో వెనక పెట్టెని ముందుపెట్టెలు కిందకి లాగేస్తాయి కాబట్టి దిగుడులో కడుపు జారే ఫీలింగ్ వెనకే ఎక్కువ, ముందు సీట్లో వ్యూ బావుంటాది.

సేఫ్టీ విషయంలో ఎక్కడైనా సరే, పెద్ద పార్కైనా ఊళ్ళో ఎగ్జిబిషనైనా, ఎక్కేముందు ఒక రౌండ్ పూర్తిగా నిలబడి చూడండి. ఆపరేటర్ ప్రతి సీటు దగ్గరికి వెళ్ళి లాక్ బార్‌ని చేత్తో లాగి చూస్తున్నాడా, లేక దూరం నుంచి చూసి విజిల్ ఊదేస్తున్నాడా? రెండో రకమైతే ఆ రైడ్ నేనెక్కను, పిల్లల్ని అసలు ఎక్కనివ్వను. హైట్ కొలిచే గీత దగ్గర మా గుంటడు ఒక్క అంగుళమే తక్కువ అని బతిమాలుకోవద్దు, ఆ గీత పెట్టేది బార్ వాడి తొడ మీద సరిగ్గా బిగుస్తాదా లేదా అని, చిన్న ఒళ్ళయితే కింద నుంచి జారిపోద్ది. బీపీ, నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నోళ్ళూ గర్భిణీలూ ఊగేవాటి జోలికి పోకండి, బస్సు టూరూ ఫిల్మీ దునియా వాళ్ళకి హాయి. చిన్నపిల్లలకి వాళ్ళ ఆటల సెక్షన్ ఫండుస్తాన్ ఒక్కటి చాలు, ఓ పూట గడిచిపోద్ది. బోరాసుర మాత్రం దెయ్యాల గుహ టైపు, చీకట్లో నడవాలి, అయిదారేళ్ళ పిల్లల్ని ఎత్తుకుని లోపలికెళ్ళి ఏడిపించి బయటికి రావడం నేను చాలామందిని చూశాను, ఎందుకో మరి. సాహస్ అనేది అడ్వెంచర్ సెక్షన్, దాని టికెట్ వేరే, టైమూ వేరే, ఒక్కరోజు ట్రిప్‌లో దాన్ని కలపకండి.

తిండి బయటిది రానివ్వరు, పులిహోర కట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడి తినేసే ఫ్యామిలీలు రోజూ కనపడతాయి. తినాలనుకుంటే బస్సు దిగిన చోటే తినేసి టికెట్ కౌంటర్‌కి రండి. లోపల భోజనానికి పన్నెండుకే వెళ్ళండి, ఒంటిగంటకి పెళ్ళి బంతిలా ఉంటాది.

సీజన్ అంటే డిసెంబర్ రెండో సగం నుంచి సంక్రాంతి దాకా వింటర్ ఫెస్ట్ పెడుతుంటారు, సాయంత్రం లైటింగూ కార్నివాల్ పెరేడూ బావుంటాయి, జనం కూడా అంతే. రైడ్లు ప్రశాంతంగా చూడాలంటే స్కూళ్ళు నడిచే రోజుల్లో మంగళ, బుధవారాలు ఎంచుకోండి. లైట్లు కావాలంటే పండగ సీజన్, కానీ అప్పుడు రైడ్ల లెక్క మర్చిపోవాలి.

సాయంత్రం ముగింపు కార్యక్రమం అయ్యాక అందరూ ఒకేసారి బయటికి పోయే బస్సుల మీద పడతారు. రాత్రి ట్రైన్ ఉన్నోళ్ళు ఆ ముగింపు చూడకుండా బేగి బయలుదేరాలి, గేటు నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కి సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు పైనే పెట్టుకోండి. బస్సు బుక్ చేసినోళ్ళు బోర్డింగ్ పాయింట్ హయత్‌నగర్‌లో గానీ ఎల్బీ నగర్‌లో గానీ పెట్టుకుంటే ఊళ్ళోకి పోనక్కర్లేదు, మన బస్సు ఎలాగూ అటే వస్తాది.