పైసలు పెట్టి కొనే తుంగ: గొడుగు మొక్కను పెంచడం ఎలా?

మూడేళ్ల కింద హన్మకొండలో ఒక నర్సరీ నుంచి ఈ మొక్కను తెచ్చి వాకిట్లో పెట్టిన రోజే మా చిన్నాయిన ఊరి నుంచి వచ్చాడు. ఒక కాడను వేళ్ల మధ్య పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది తుంగ కాదా బిడ్డా? పొలంల పీకి పీకి మా నడుములు పడిపోయినయ్. నువ్వు పైసలు పెట్టి కొనుక్కొచ్చినవా?" అని ఒకటే నవ్వు.

నర్సరీ ఆయన మాత్రం దాన్ని అంబ్రెల్లా పామ్ అని అమ్మాడు. పామ్ అంటే తాటి, ఈత జాతి చెట్లు. వాటికీ దీనికీ చుట్టరికం లేదు. చిన్నాయిన మాటే కరెక్టు. ఇది తుంగ కుటుంబం మొక్క. నర్సరీల్లో, తోటల పుస్తకాల్లో సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అనే పేరు కనిపిస్తుంది, కొందరు సైపరస్ ఇన్‌వొల్యుక్రేటస్ అని కూడా రాస్తారు. పుట్టిల్లు ఆఫ్రికా, మడగాస్కర్ వైపు. ఒకప్పుడు ఈజిప్టు వాళ్లు కాగితం చేసుకున్న పపైరస్ కూడా ఈ సైపరస్ జాతిదే.

ఇది తుంగ అని గుర్తు పెట్టుకుంటే చాలు, సగం పని అయినట్టే. తుంగకు ఏం కావాలో పల్లెలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు: తడి, బురద, ఎండ. తుంగతో జాగ్రత్త ఎక్కడ ఉండాలో కూడా వాళ్లకు తెలుసు.

కొనేటప్పుడు

ఒక్క కాడ మీద గొడుగు చువ్వల్లా చుట్టూ పరుచుకున్న పచ్చటి పట్టీలు కనిపిస్తాయి. వాటిని అందరం ఆకులనే అంటాం కానీ అవి పూగుత్తి కింద వచ్చే ఆకుల్లాంటి భాగాలు. అసలు ఆకులు కాడ మొదట్లో గోధుమరంగు తొడుగుల్లా మిగిలిపోయి ఉంటాయి. కాడకు కణుపులు ఉండవు, లోపల బోలుగా కూడా ఉండదు. పైకి పోయేకొద్దీ మూడు అంచులు వేళ్లకు తెలుస్తాయి. పట్టీలకు బదులు సన్నటి దారాల కుచ్చులా ఉంటే అది పపైరస్ రకం. అదీ నీటి మొక్కే కాబట్టి ఇక్కడ చెప్పేవి చాలావరకు దానికీ వర్తిస్తాయి, తలకిందుల పద్ధతి ఒక్కటి తప్ప.

పెద్ద మొక్క కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ఏడెనిమిది కాడలున్న చిన్న కుండీ ఒకటి చాలు. కాడల మొదళ్ల దగ్గర కొత్త మొలకలు, అంటే పచ్చటి సూదుల్లాంటివి, రెండు మూడైనా కనిపించాలి. కాడలన్నీ ముదిరి మొలక ఒక్కటీ లేని కుండీని వదిలేయండి. మంచి టైం మృగశిర కార్తె తర్వాత. రోహిణి ఎండల్లో తెచ్చి నాటితే బతకదని కాదు, కానీ నెల రోజులు దాని మొహం చూసి మీకే టెన్షన్.

కుండీ, మట్టి

మామూలు పూలమొక్కల లెక్క ఇక్కడ తలకిందులు. అక్కడ నీళ్లు నిలవకూడదని కుండీకి కన్నాలు పెడతాం, ఇక్కడ నిలవాలి. నేను రెండు కుండీల పద్ధతి వాడుతున్నాను. కన్నాలున్న పది అంగుళాల కుండీలో మొక్కను నాటి, దాన్ని కన్నాల్లేని పెద్ద టబ్బులో పెట్టి, టబ్బులో రెండు మూడు అంగుళాల నీళ్లు ఉంచుతాను. 20 లీటర్ల పెయింట్ బకెట్ బాగా కడిగి వాడినా సరిపోతుంది. పాత సిమెంటు గోలెం ఉంటే మరీ మంచిది, ఎండకు ప్లాస్టిక్ అంత త్వరగా వేడెక్కదు.

మట్టి విషయంలో వరంగల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లం అదృష్టవంతులం. కాకతీయుల నాటి నుంచి ఈ ప్రాంతం గొలుసుకట్టు చెరువులది. చెరువు పూడిక మట్టి ఈ మొక్కకు అమ్మ ఒడి లాంటిది. 2015లో చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఆ మట్టిని ట్రాక్టర్లతో చేన్లకు తోలుకున్నారు. మనకు ఒక సంచి దొరికినా చాలు. ఎండాకాలం పూడిక తీసేచోట అడిగి తెచ్చుకోండి. రెండు పాళ్లు చెరువు మట్టి, ఒక పాలు ఎర్రమట్టి, రెండు గుప్పెళ్లు బాగా మాగిన పశువుల ఎరువు. కొబ్బరి పొట్టు వద్దు, నీళ్లలో తేలిపోతుంది. నేను మొదటిసారి నర్సరీ మిశ్రమమే పోసి టబ్బులో పెట్టాను. తెల్లారేసరికి సగం పొట్టు నీళ్ల మీద తేలుతూ పాచిపోయిన టీలా తయారైంది.

నాటాక పైన అంగుళం మందాన ఇసుక, దాని మీద గులకరాళ్లు వేయండి. మట్టి కరిగి బయటికి రాదు.

ఎండ, నీళ్లు

ఉదయం నాలుగైదు గంటలు ఎండ పడి, మధ్యాహ్నం తర్వాత నీడ వచ్చే చోటు మేలు. పూర్తి ఎండలో కూడా పెరుగుతుంది, నీళ్లు తగ్గకుండా చూసుకోవాలంతే. మేలో మన ఎండ 44 డిగ్రీలు తాకే రోజుల్లో టబ్బులో అంగుళం నీళ్లు రెండు రోజుల్లో ఆవిరైపోతాయి. ఊరెళ్లి నాలుగు రోజులకు తిరిగొస్తే గొడుగులన్నీ వాలిపోయి, అంచులు కాలిన కాగితంలా ఉన్నాయి ఒకసారి. కంగారుపడి పీకేయలేదు. ఎండినవాటిని మొదలంటా కోసి నీళ్లు పెడితే మూడు వారాల్లో కొత్త మొలకలు లేచాయి. నేలలో దుంప కాండం బతికి ఉన్నంత వరకు ఆశ వదులుకోవక్కర్లేదు.

నీళ్లు ఉన్నా పట్టీల కొసలు గోధుమరంగులోకి మారుతుంటే అనుమానం నీటి మీదే. మన బోర్ల నీళ్లలో చాలాచోట్ల ఉప్పు ఎక్కువ, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే. నీటి ఫిల్టర్ బయటికి వదిలే వృథా నీళ్లు దీనికి పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కూలర్ అడుగున మిగిలిన నీళ్లూ అంతే. నీరు ఆవిరైపోయి లవణాలు చిక్కబడి ఉంటాయి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మాత్రం గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చినవి, లవణాలు దాదాపు ఉండవు. పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లు దీనికే పోయండి. వానాకాలంలో రెండు మూడుసార్లు టబ్బు పూర్తిగా పారబోసి వాన నీటితో నింపితే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

దోమల మాట

నిలవ నీళ్లు అనగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి ఒకసారి టబ్బు నీళ్లు పారబోసి, లోపలి గోడను చీపురుతో గట్టిగా రుద్దండి. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు మార్చడం ఒక్కటే సరిపోదు. పెద్ద గోలెమైతే నాలుగు గప్పీ చేపలు వేయండి, లార్వాలను అవే చూసుకుంటాయి. ఇవేవీ కుదరదనుకుంటే టబ్బు, కుండీ మధ్య సందును కూడా కంకరతో నింపి, నీటి మట్టం కంకర పైభాగానికి రెండు అంగుళాల కిందే ఉంచండి. నీళ్లు పైకి కనిపించకపోతే దోమకు గుడ్లు పెట్టే చోటు ఉండదు.

ఒకటి నుంచి పది చేయడం

నాకు ఈ మొక్కలో అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. పిల్లలతో చేయించండి, సెలవుల్లో పది రోజులు ఫోన్ మరిచిపోతారు.

బాగా ముదిరి పసుపెక్కని, మరీ లేతగా లేని గొడుగును ఎంచుకోండి. గొడుగు కింద రెండు, మూడు అంగుళాల కాడ ఉండేలా కోయండి. పట్టీలను కత్తెరతో సగానికి కత్తిరించండి, నీరు ఎక్కువ ఆవిరి కాకుండా. ఇప్పుడు దాన్ని తలకిందులుగా, అంటే కాడ పైకి, గొడుగు కిందికి ఉండేలా గ్లాసు నీళ్లలో పెట్టండి. పట్టీలన్నీ కాడను కలిసే నడిమి చోటు నీళ్లలో మునగాలి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ నడిమి నుంచి తెల్లటి వేళ్లు, వాటితోపాటు చిన్న చిన్న గొడుగులు పుడతాయి. వేళ్లు రెండు అంగుళాలు రాగానే తడి మట్టిలో నాటేయడమే.

తలకిందులు ఎందుకంటే, ఈ మొక్క తన చోట తాను చేసుకునే పని ఇదే. ఎదిగిన కాడ బరువుకు వాలి గొడుగు నీళ్లలో పడితే అక్కడే వేళ్లూని కొత్త మొక్క అవుతుంది.

తొందరగా కావాలంటే దుబ్బు చీల్చడం సులువు. రెండేళ్లకు కుండీ నిండిపోతుంది. ప్లాస్టిక్ కుండీ పక్కలు ఉబ్బితే ఇక మార్చమని అర్థం. జూన్‌లో దుబ్బును బయటికి తీసి పాత కొడవలితోనో రంపంతోనో నాలుగు ముక్కలు చేయండి. అంచుల్లో ఉన్న లేత ముక్కలే నాటండి. నడిమిది ముసలిది, దాన్ని బాగా ఎండబెట్టి కంపోస్టుకు పంపండి.

మిగతా సంరక్షణ పెద్దగా ఏమీ లేదు. పసుపెక్కిన కాడను మొదలంటా కోయాలి. సగానికి కోస్తే ఆ కాడ మళ్లీ చిగురించదు, మోడులా మిగిలిపోతుంది. రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. ఎండాకాలంలో పట్టీల కింద సన్నటి బూజులా కనిపిస్తే ఎర్రనల్లి, పైపుతో గట్టిగా నీళ్లు కొడితే పోతుంది. ఇంట్లో పిల్లి ఉంటే కొంచెం ఎత్తులో పెట్టుకోండి, వాటికి ఈ పట్టీలు నమలడం మహా సరదా.

వాడిన నీళ్లకు వాడుకోవడం

కోసిన కాడలు పూలజాడీలో చాలా రోజులు ఉంటాయి. అది సరే. అసలు ఉపయోగం పెరట్లో ఉంది. వాడిన నీటిని శుభ్రం చేసే కంకర మడుగుల్లో ఈ మొక్కను చాలా దేశాల్లో వాడతారు. వేళ్లు కంకరలో అల్లుకుంటాయి, వాటి మీద, రాళ్ల మీద పెరిగే సూక్ష్మజీవులు మురికిని తింటాయి, నత్రజని, భాస్వరం కొంత మొక్క లాక్కుంటుంది.

ఇంట్లో స్నానం నీళ్లు రోజుకు 150 లీటర్లు వస్తాయనుకోండి. ఆరు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతున్న తొట్టిని ఇటుకతో కట్టి లోపల సిమెంటు పూత వేయించండి. అది సుమారు వెయ్యి లీటర్ల జాగా. 20 ఎంఎం కంకర నింపితే రాళ్ల సందుల్లో పట్టే నీళ్లు 350 లీటర్ల దాకా ఉంటాయి, అంటే నీళ్లు రెండు రోజులకు పైగా లోపల ఉంటాయి. నీళ్లు వచ్చే చివర అడుగు మేర 40 ఎంఎం కంకర వేస్తే త్వరగా పూడదు. బయటికి పోయే పైపును కంకర పైభాగానికి రెండు, మూడు అంగుళాల కింద పెట్టండి, అప్పుడు నీళ్లు పైకి కనిపించవు. చదరపు అడుగుకు ఒక మొక్క చొప్పున 18 మొక్కలు. గ్లాసుల్లో చేసినవి ఇక్కడ పనికొస్తాయి. మొదటి నెల మంచినీళ్లే పెట్టి వేళ్లూననివ్వాలి.

వంటింటి నీళ్లు కలపాలంటే ముందు జిడ్డు ఆపే చిన్న తొట్టి తప్పనిసరి. నూనె పడితే కంకర త్వరగా మూసుకుపోతుంది. మరుగుదొడ్డి నీళ్లు దీంట్లోకి వద్దే వద్దు. బయటికొచ్చిన నీళ్లు అరటికి, మామిడికి, పూలమొక్కలకు పోయండి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాకు పోయకండి, తాగడం మాట అసలే వద్దు.

ఇల్లు దాటనివ్వకండి

మొలిచి అల్లుకునే గుణంలో ఇది పొలంలోని తుంగ అంత మొండిది కాదు, దానిలా నేలలో గడ్డల గొలుసులు వేయదు. కానీ నీరు దొరికితే ఆగేదీ కాదు. ఆస్ట్రేలియా, హవాయి లాంటి చోట్ల తోటల్లోంచి వాగుల్లోకి జారుకుని కలుపుగా మారింది. మన చెరువుల్లో గుర్రపుడెక్క ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం, అదీ ఒకప్పుడు పూల అందం చూసి తెచ్చుకున్న మొక్కే. 2020 ఆగస్టు వరదల్లో హన్మకొండ నాలాలు పొంగి ఇళ్లలోకి వచ్చాయి. అలాంటి రోజున పెరట్లో పారేసిన దుబ్బు ముక్క ఏ చెరువులో తేలుతుందో చెప్పలేం.

అందుకే కోసిన గొడుగులను, చీల్చిన దుబ్బులను నాలాలో, చెరువుగట్టున పారేయకండి. డాబా మీద ఎండలో పరిచి, దుబ్బు ముక్కలు లోపల కూడా తడి లేకుండా గట్టిగా ఎండేదాకా, వారం పైనే పట్టినా సరే, ఉంచండి. ఆ తర్వాతే కంపోస్టు డబ్బాలో వేయండి.