పార్ట్‌నర్‌తో పొసగట్లేదా? వాటాదారుని కంపెనీ నుంచి బయటికి పంపడం ఎలా?

"మా పార్ట్‌నర్ పేరు కంపెనీలోంచి తీసేయాలి సార్, ఏ ఫారం వెయ్యాలి?" అని సీఏ దగ్గరికి వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. అలాంటి ఫారం లేదు. డైరెక్టర్ అనేది పదవి, ఓటేసి దింపేయొచ్చు. షేరు మాత్రం ఆస్తి. పక్కింటాయనతో పడట్లేదని ఆయన ఇల్లు మన పేరున రాయించుకోలేం కదా!

టాటా సన్స్ 2016 అక్టోబరు 24న సైరస్ మిస్త్రీని చైర్మన్ పదవి నుంచి తప్పించింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు కూడా టాటాల వైపే తీర్పిచ్చింది. అయినా మిస్త్రీ కుటుంబానికి చెందిన షాపూర్‌జీ పల్లోంజీ గ్రూపు వాటా, 18 శాతం పైచిలుకు, వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అంత పెద్ద గొడవలోనే వాటా కదల్లేదు. మీది చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయినా లెక్క ఇదే.

ముందు కాగితాలు తీయండి. ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్ (కంపెనీ నడిచే నియమావళి), మీలో మీరు అగ్రిమెంట్ రాసుకుని ఉంటే అది, సభ్యుల (అంటే వాటాదారుల) రిజిస్టర్. షేర్లు అమ్మాలంటే ముందు ఎవరిని అడగాలి, ధర ఎలా కట్టాలి, తప్పుకునేవాళ్లు అమ్మి తీరాలా అన్నది చూడండి. కంపెనీల చట్టంలో ఆర్టికల్స్‌కి ఇచ్చిన టేబుల్ ఎఫ్ నమూనానే దించేసుకుంటే బలవంతంగా అమ్మించే క్లాజు అందులో దొరకదు. గొడవ మొదలయ్యాక కొత్తగా చేర్చబోతే, అణచివేత అంటూ అవతలివాళ్లు కేసు వేయడానికి అదే ఆధారమవుతుంది.

తర్వాత శాతాలు లెక్కేసుకోండి. 40-40-20 వాటాలున్న ముగ్గురు స్నేహితులనుకుందాం. ఇద్దరు కలిస్తే (40+20) మూడోవాడిని డైరెక్టర్‌గా తీసేయొచ్చు, దానికి సగానికి మించి ఓట్లు చాలు. ఆర్టికల్స్ మార్చడం లాంటి వాటికి కావాల్సిన ప్రత్యేక తీర్మానానికి మాత్రం పోలైన ఓట్లలో 75 శాతం కావాలి. అక్కడ ఆ మూడోవాడి 40 అడ్డుపడుతుంది.

ఇక అసలు గొడవ, ధర. వెళ్లేవాడు గుడ్‌విల్ (కంపెనీకున్న మంచి పేరు విలువ) లెక్కేస్తాడు, ఉండేవాడు అప్పులు లెక్కేస్తాడు. ఇద్దరూ ఒప్పుకునే రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో విలువ కట్టించండి. మధ్యవర్తిగా మీ కంపెనీ ఆడిటర్‌ని మాత్రం పెట్టుకోకండి, ఆయన్ని అవతలివాళ్లు నమ్మరు. వెళ్లేవాడు బ్యాంకు లోనుకు పర్సనల్ గ్యారంటీ ఇచ్చి ఉంటే అది విడిపించకుండా సంతకం పెట్టడు. పెట్టకపోవడం న్యాయమే. డబ్బు వాయిదాల్లో ఇస్తే తేదీలతో సహా రాసుకోండి. మరీ తక్కువ ధర చూపిస్తే ఆదాయపు పన్ను చిక్కు ఇద్దరికీ వస్తుంది.

డైరెక్టర్ పదవి నుంచి తీయాల్సి వస్తే కంపెనీల చట్టం 169వ సెక్షన్ చూడండి. మీటింగుకి కనీసం 14 రోజుల ముందు కంపెనీకి ప్రత్యేక నోటీసు అందాలి. ఆయన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత 30 రోజుల్లో డీఐఆర్-12 అనే ఫారం కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయాలి.

బేరం కుదిరితే బదిలీ తేలికే. కాగితపు షేర్లయితే ఎస్‌హెచ్-4 అనే బదిలీ ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. స్టాంప్ డ్యూటీ 0.015 శాతం, అంటే 10 లక్షలకు 150 రూపాయలు. సంతకం అయిన 60 రోజుల్లోపు ఆ ఫారం కంపెనీకి చేరాలి. బోర్డు ఆమోదించి, రిజిస్టర్‌లో రాసి, నెలలోపు కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలి. డీమ్యాట్‌లో (ఎలక్ట్రానిక్ రూపంలో) ఉంటే వాటిని ఖాతాల్లో ఉంచే డిపాజిటరీ ద్వారానే మారతాయి. ఇద్దరే ఉన్న కంపెనీలో ఒకరు వెళ్లిపోతే సభ్యులు ఒక్కరే మిగులుతారు. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరుండాలి కాబట్టి ఒక్క షేరైనా ఇంట్లోవాళ్ల పేరు మీదకి వచ్చేలా ముందే చూసుకోండి.

కుదరకపోతే ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీ గొడవలు విచారించే ట్రిబ్యునల్. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు తెలంగాణలో ఉంటే హైదరాబాద్ బెంచ్, ఆంధ్రలో ఉంటే అమరావతి బెంచ్. పదో వంతు వాటా ఉన్నవాళ్లు అణచివేత జరిగిందంటూ 241వ సెక్షన్ కింద వెళ్లొచ్చు. ఒకరి షేర్లు మరొకరు కొనాలని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. ఆ ఆర్డరు మీద అప్పీలుకి 45 రోజుల గడువు.

ఈ టెన్షన్‌లో కొందరు దొంగ సంతకంతో ఎస్‌హెచ్-4 తయారుచేస్తారు, లేదా కొత్త షేర్లు తమకే ఇచ్చుకుని ఎదుటివాడి శాతం తగ్గిస్తారు. ఆ పని చేస్తే గెలిచే కేసు కూడా ఓడిపోతారు.

అన్నీ అయ్యాక బ్యాంకు సంతకాలు, జీఎస్‌టీ లాగిన్, వెబ్‌సైట్ డొమైన్ ఎవరి పేరున ఉన్నాయో చూసుకోండి. ఎస్‌హెచ్-4ని రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయరు. వాటా మారిన సంగతి అక్కడి రికార్డుకి ఎక్కేది ఆ ఏడాది వార్షిక రిటర్న్ వేసినప్పుడే. అందాకా మీ రిజిస్టరే సాక్ష్యం.