చైన్ గుంజుకపోయినా, ఫోన్ గుంజుకపోయినా ఫస్ట్ అరగంటలో ఏం చేయాలె, కాలనీ ఎట్ల రెడీగ ఉండాలె

పొద్దుగాల ముగ్గేసేటప్పుడో, గుడికెళ్లి వచ్చేటప్పుడో, పాల ప్యాకెట్ కోసం కిరాణం దాకా పోయినప్పుడో బండి మీద ఇద్దరొస్తరు, వెనకున్నోడు మెడలో చెయ్యేస్తడు, పుస్తెలతాడు పోతది, మొత్తం అయ్యేది నాలుగైదు సెకన్లే. ఆ తర్వాత మన గల్లీలో జరిగేది ఏందంటే ఆమె కింద పడి ఏడుస్తుంటది, చుట్టూ జనం మూగుతరు, ఒకాయన "అంత బంగారం ఏసుకొని ఎందుకొచ్చినవమ్మా" అంటడు, ఇంకొకాయన కాలనీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతడు, ఎవరో నీళ్లు తెస్తరు, 112కి ఫోన్ చేసేటోళ్లు మాత్రం ఎవ్వరు ఉండరు, అందరూ వేరేవాళ్లు చేసిన్రు అనుకుంటరు.

2023 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగింది గుర్తుందా, ఒక్క పొద్దున్నే ఉప్పల్‌లో మొదలువెట్టి నాచారం, ఓయూ, చిలకలగూడ, రాంగోపాల్‌పేట ఇట్ల రెండు గంటల్లో ఆరు చోట్ల చైన్లు తెంపుకపోయిన్రు. అంటే మొదటి గల్లీ నుంచి ఫోన్ ఎంత జల్దీ పోతే తర్వాతి గల్లీలో నడిచే ఆడబిడ్డకు అంత మంచిది. కాలనీకి గేట్లు పెడదాం, సెక్యూరిటీని పెంచుదాం అని మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడతరు గానీ నాకైతే అన్నిటికంటే ముఖ్యం ఆ ఫస్ట్ అరగంట. ఆ టైంలో ఎవరు ఏం చేయాలో ముందే అనుకొని ఉన్న కాలనీకి, అనుకోని కాలనీకి చాలా తేడా ఉంటది.

అసలు గుంజుతున్నప్పుడు ఏం చేయాలె

చైన్ పట్టుకొని వేలాడొద్దు. ఇది అమ్మలకు, అత్తమ్మలకు మళ్లీ మళ్లీ చెప్పండి, ఎందుకంటే పుస్తెలతాడు అంటే వాళ్లకు ప్రాణంతో సమానం, చెయ్యి వదలరు, బండి స్పీడ్‌కి ఈడ్చుకపోతది, మెడ కోసుకుంటది, తల రోడ్డుకు తగుల్తది. స్కూటీ మీద ఉన్నప్పుడు అయితే ఇంకా డేంజర్. రాత్రి పూట వైన్స్ దగ్గరనో, ఫ్లైఓవర్ కిందనో కత్తి చూపించి ఫోన్, పర్సు అడిగినా, ఫోన్‌పే కొట్టుమన్నా ఇచ్చేయండి, వాదన పెట్టుకోవద్దు. అదే బెదిరించి కొట్టించుకున్న డబ్బులు ఏ నంబర్‌కు పోయినయో రికార్డు ఉంటది కాబట్టి వాళ్లను పట్టుకోవడానికి ఆ ట్రాన్సాక్షనే పనికొస్తది.

మొహాలు చూడాలని ట్రై చేయకండి, హెల్మెట్లు, మాస్కులు ఉంటయి. నంబర్ ప్లేట్ కనపడితే మంచిదే గానీ చాలాసార్లు బండే దొంగ బండి, ప్లేట్ ఫేక్, లేకుంటే మడత పెట్టి ఉంటది. బండి ఏ కంపెనీ, ఏ కలర్, వెనకాల స్టిక్కర్ ఏమన్నా ఉందా, వెనక కూర్చున్నోడి చెప్పులా బూట్లా, బ్యాగు ఉందా, ఎటు మళ్లిన్రు ఇవి చూడండి. చొక్కా కొంచెం దూరం పోయి మార్చేస్తరు, బూట్లు మార్చరు.

బాధితురాలు కాదు, పక్కనున్నోళ్లు 112 కొట్టాలె. 100 కొట్టినా పోతది. వణుకుతున్న మనిషితో ఫోన్‌లో మాట్లాడించి టైం వేస్ట్ చేయొద్దు. చెప్పాల్సింది ముందు జాగా, ల్యాండ్‌మార్క్‌తో సహా, తర్వాత ఎటు పోయిన్రు, బండి కలర్, ఎంత మంది, దెబ్బలు తగిలినయా. "మా కాలనీలో చైన్ తెంపిన్రు సార్ జల్దీ రండి" అని పెట్టేస్తే వాళ్లకు ఏం అర్థం కాదు. "హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ ఇంత, ఫలానా గుడి ఎదురుంగ, ఇప్పుడే రెండు నిమిషాలైంది, నల్ల పల్సర్, మెయిన్ రోడ్డెక్కి తార్నాక సైడు పోయిన్రు" ఇట్ల చెప్తే పెట్రోలింగ్ బండ్లకు, ముందున్న చౌరస్తాలకు వెంటనే మెసేజ్ పోతది.

ఇంకొకటి, నకిలీ పోలీసుల సంగతి. "అమ్మా ముందు గొడవలైతున్నయి, నగలు తీసి ఈ పేపర్లో చుట్టుకోండి" అని మఫ్టీలో ఇద్దరు వచ్చి చెప్తరు, వాళ్లే చుట్టి ఇస్తరు, ఇంటికెళ్లి చూస్తే అందులో రాళ్లుంటయి. ఏ పోలీసూ రోడ్డు మీద ఎవరి నగలూ తీయించడు, తీయమన్నోడు దొంగే, అక్కడే గట్టిగ అరవండి. అడ్రస్ చీటీ పట్టుకొని దగ్గరికొచ్చే బండోళ్లకు గేటు లోపల నుంచే చెప్పండి. నడిచేటప్పుడు రోడ్డుకు కుడి పక్కన నడిస్తే వచ్చే బండి ఎదురుంగ కనపడతది, వెనక నుంచి వచ్చి గుంజే చాన్స్ తగ్గుతది. కొంగునో చున్నీనో మెడ చుట్టూ కప్పి పిన్నీసు పెట్టుకుంటే చైన్ కనపడదు, చెయ్యి పెట్టినా దొరకదు.

ఫోన్ పోతే

ఫోన్ ఖరీదు ఇరవై వేలే కావొచ్చు, అందులో మన బ్యాంకు మొత్తం ఉంటది. ఎంఎంటీఎస్ డోర్ దగ్గర నిలబడ్డప్పుడు, సిటీ బస్సు కిటికీ పక్కన, మెట్రో మెట్ల కింద ఆటో బుక్ చేసుకుంటూ నిలబడ్డప్పుడు ఎక్కువ గుంజుతరు. స్క్రీన్ ఓపెన్ అయి ఉన్న ఫోన్ వాళ్లకు దొరికితే లాక్ తెరిచే పని కూడా లేదు.

కాబట్టి వేరేవాళ్ల ఫోన్ తీసుకొని ఫస్ట్ మీ సిమ్ కంపెనీకి కాల్ చేసి సిమ్ బ్లాక్ చేయించండి, ఓటీపీలు అన్ని ఆ సిమ్‌కే వస్తయి కదా. తర్వాత బ్యాంకు హెల్ప్‌లైన్‌కు చేసి యూపీఐ, కార్డులు ఆపించండి. అప్పటికే డబ్బులు పోయి ఉంటే 1930కి కొట్టండి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ అది, ఎంత తొందరగ చెప్తే డబ్బు వేరే అకౌంట్లకు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫైండ్ హబ్‌లో, ఐఫోన్ అయితే ఫైండ్ మైలో లాగిన్ అయి ఫోన్ లాక్ చేయండి. లొకేషన్ కనపడుతుందని దోస్తులను ఏసుకొని మీరే పోకండి, ఆ స్క్రీన్‌షాట్ పోలీసులకియ్యండి. ఐఫోన్ వాళ్లు అకౌంట్ నుంచి ఆ ఫోన్‌ని రిమూవ్ చేయొద్దు, చేస్తే దాని తాళం మీరే తీసిచ్చినట్టు. కొన్ని రోజుల తర్వాత "మీ ఫోన్ దొరికింది, ఈ లింక్ నొక్కండి" అని మెసేజ్ వస్తది, అది పాస్‌వర్డ్ గుంజడానికి దొంగలు పంపేది, నొక్కొద్దు.

తర్వాత సీఈఐఆర్, అంటే పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సర్కారు సిస్టం. సర్కారుదే సంచార్ సాథీ సైట్‌లో ఉంటది, అక్కడ ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్) పెట్టి ఫోన్‌ని బ్లాక్ చేస్తే దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు, ఎవరైనా సిమ్ వేసి చూస్తే ఆ వివరాలు పోలీసులకు తెలుస్తయి. దీనికి పోలీస్ కంప్లైంట్ కాపీ, ఫోన్ బిల్లు, ఓటీపీ కోసం ఒక నంబర్ కావాలె. మీ నంబర్‌తోనే డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఒక రోజు దాకా దానికి మెసేజ్‌లు రాకపోవచ్చు, కంగారు పడొద్దు, ఇంట్లో వాళ్ల నంబర్ ఇయ్యండి. ఈ పని వారం తర్వాత చేద్దాంలే అనుకోవద్దు, ఎందుకంటే 2024లో సిటీ పోలీసులు పట్టుకున్న ఒక ముఠా ఇక్కడ గుంజిన ఫోన్లను సూడాన్ దాకా పంపుతున్నట్టు బయటపడ్డది, మన దేశం దాటినంక ఈ బ్లాక్ ఏం చేయదు.

ఇప్పుడు ఇది చదువుతున్నప్పుడే మూడు పనులు చేసేయండి. *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబర్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫోన్‌లోనే ఫొటో తీసి పెట్టుకుంటే ఏం లాభం. సెట్టింగ్స్‌లో సిమ్‌కి పిన్ లాక్ పెట్టండి, లేకుంటే మీ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసి ఓటీపీలు చదువుకుంటరు. ఇంక ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్ ఉంటది, చేతిలోంచి గుంజుకొని ఉరికినట్టు అనిపిస్తే స్క్రీన్ దానంతటదే లాక్ అయితది. ఐఫోన్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ అని ఉంటది. రెండూ ఆన్ చేసుకోండి, అమ్మానాన్నల ఫోన్లలో మీరే చేసి పెట్టండి.

కెమెరాల సంగతి

మన దగ్గర కెమెరాలు లేని గల్లీ లేదు, పని చేసేది, టైం కరెక్ట్‌గ చూపించేది, పాస్‌వర్డ్ తెలిసినోళ్లు ఊర్లో ఉన్నది ఎన్నో చూసుకుంటే మాత్రం బాధైతది. పోలీసులు "నేను సైతం" అని కాలనీలతో కెమెరాలు పెట్టించిన్రు, దుకాణాలు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం వచ్చే చోట్లకు 2013 పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం కెమెరాలు, 30 రోజుల రికార్డింగ్ ఉండాలె. ఇండ్ల కెమెరాలకు ఆ లెక్క లేదు, హార్డ్ డిస్క్ చిన్నదైతే వారం, పది రోజులకే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతది. అందుకే ఘటన జరిగిన రోజే కాపీ చేయాలె.

ఎట్ల అంటే, ముందు డీవీఆర్, అంటే కెమెరాల రికార్డింగ్ డబ్బా, దాని గడియారం చూడండి, మీ ఫోన్ టైంతో పోల్చి ఎన్ని నిమిషాలు తేడా ఉందో కాగితం మీద రాయండి, ఇది చాలా ముఖ్యం, పది నిమిషాలు తేడా ఉంటే పోలీసులు వేరే కెమెరాలో తప్పు టైం వెతుకుతరు. తర్వాత ఘటనకు అరగంట ముందు నుంచి అరగంట తర్వాత దాకా పెన్‌డ్రైవ్‌లో ఒరిజినల్‌గ ఎక్కించండి, స్క్రీన్‌ని ఫోన్‌తో వీడియో తీసి పంపితే ప్లేట్ నంబర్ ఏం కనపడదు, వాట్సాప్‌లో పంపినా క్వాలిటీ పోతది. ముందు అరగంట ఎందుకంటే వాళ్లు ఒక రౌండు కొట్టి చూసుకొని పోతరు, అప్పుడు ఒక్కోసారి హెల్మెట్ కూడా ఉండదు. ఆ ఫుటేజ్‌ని గ్రూపుల్లో వదలకండి, బాధితురాలు కింద పడ్డ వీడియో వందల మంది చూసుడు ఆమెకు రెండో దెబ్బ, పైగా దొంగలకు ఏ కెమెరాలో పడ్డరో తెలిసిపోతది. కోర్టులో పనికిరావాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలె, అది పోలీసులు అడుగుతరు, కెమెరా ఓనర్ సంతకం పెట్టాలె. దానికి భయపడి కెమెరా పనిచేయట్లేదని చెప్పేటోళ్లు ఉంటరు, వాళ్ల ఇంటికి పెద్దమనిషిని ఒకరిని పంపి నెమ్మదిగ చెప్పించండి.

కొత్తగ పెట్టేవాళ్లు గల్లీ మొత్తం చూపించే కెమెరా ఒకటి పైన పెట్టి, స్పీడ్ బ్రేకర్ దగ్గర తక్కువ ఎత్తులో ప్లేట్ కోసం ఇంకోటి పెట్టండి, బండి అక్కడ స్లో అయితది కదా. కరెంట్ పోతే నడిచేటట్టు చిన్న యూపీఎస్ కూడా ఉండాలె. లైటు వెలగని స్తంభం కింద ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా దండగే, స్తంభం నంబర్ రాసుకొని జీహెచ్‌ఎంసీకి 040-21111111కి కంప్లైంట్ ఇయ్యండి, వెలిగేదాకా వదలకండి.

దొంగ దొరికితే

దొరికితే కూర్చోబెట్టండి, కొట్టొద్దు. కోపం ఎంత ఉన్నా సరే. 2018 మేలో చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు అనే వాట్సాప్ పుకారు నమ్మి గుంపు కొడితే పొట్టకూటికి వచ్చిన ఒక ట్రాన్స్ మహిళ ప్రాణం పోయింది, ఆమె ఏ తప్పూ చేయలేదు. మామూలు మనుషులు కూడా కళ్ల ముందు ఇలాంటి నేరం చేసినోణ్ని పట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటది, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ జాగాలో వచ్చిన చట్టం) సెక్షన్ 43 ప్రకారం ఆలస్యం చేయకుండా, ఎట్లైనా ఆరు గంటల లోపు పోలీసులకు అప్పజెప్పాలె. డెలివరీ పిల్లల్ని, ప్లాస్టిక్ సామాన్లు ఏరుకునేటోళ్లను, హిందీ మాట్లాడేటోళ్లను అనుమానంతో ఆపి ఫొటోలు తీసి గ్రూపులో పెట్టుడు ఆపాలె.

స్టేషన్‌లో

బాధితురాలితో కాలనీ నుంచి ఇద్దరు పోవాలె, ఒకరు ఆడమనిషి అయితే మంచిది. దెబ్బలుంటే ముందు ఆస్పత్రి, ఆ చీటీ దాచాలె. కంప్లైంట్‌లో "పోగొట్టుకున్నాను" అని రాయొద్దు, "బలవంతంగా లాక్కున్నారు" అని రాయాలె, రెండింటికీ కేసు వేరు. లాక్కోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 304 కింద మూడేండ్ల దాకా జైలు పడే నేరం, కత్తి చూపించినా కొట్టినా దోపిడీ, సెక్షన్ 309. మా లిమిట్స్ కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలె, రోడ్డుకు ఈ పక్క ఒక స్టేషన్ ఆ పక్క ఒక స్టేషన్ ఉన్న మన సిటీలో ఇది చాలాసార్లు అవసరం పడతది. మేం తీసుకోం అని వాళ్లంటే కంప్లైంట్‌ని రాతపూర్వకంగ డీసీపీకి పోస్టులో పంపండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగ ఇయ్యాలె, తీసుకోకుండా రావొద్దు.

బంగారం వివరాలు ఎంత మంచిగ ఇస్తే అంత మేలు, ఎన్ని తులాలు, నల్లపూసలు ఉన్నయా, బిళ్లలు ఎన్ని, తెగి చేతిలో మిగిలిన ముక్క ఎంత. 2023 ఏప్రిల్ తర్వాత షోరూంలో కొన్నదైతే దాని మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ హాల్‌మార్క్ నంబర్, ఉంటది, బిల్లు మీద అది ఉందేమో చూడండి. పాత నగలకు అది ఉండకపోవచ్చు కాబట్టి ఇవాళే నగలన్నీ పరిచి దగ్గర నుంచి ఫొటోలు తీసి, బరువు రాసి, బిల్లులతో కలిపి ఒక ఫైల్‌లో పెట్టుకోండి. ఎప్పుడన్నా సొమ్ము దొరికితే గుర్తుపట్టడానికి అదే ఆధారం, అయితే స్టేషన్‌లో చేతికియ్యరు, కోర్టులో పిటిషన్ వేసి పూచీకత్తు మీద తెచ్చుకోవాలె. కేసు అయ్యేదాకా అమ్మొద్దు, కరిగించొద్దు అని కోర్టు షరతు పెడితే తెగిన తాడును అట్లనే ఉంచి, కోర్టు ఇచ్చిన ఆర్డర్ కాపీని ఎఫ్ఐఆర్ కాపీతో పాటు ఆ ఫైల్‌లోనే పెట్టండి.