వాల్వు ఆంప్లిఫయర్: స్పైస్ ఎంతవరకు, చెవి ఎక్కడ

నా మొదటి ఆంప్లిఫయర్ సింగిల్ ఎండెడ్, అంటే ఒకే ఈఎల్84 వాల్వు స్పీకర్‌ని నడిపేది. కంప్యూటర్‌లో సర్క్యూట్‌ని పరీక్షించే ఎల్‌టీస్పైస్‌లో అది 20 హెర్ట్జ్ దాకా సాఫీగా వచ్చింది. కట్టాక మృదంగం రికార్డు పెడితే కుడి పక్క ఖంగుమంటోంది, ఎడమ పక్క తొప్పి మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. సిమ్యులేషన్‌లో వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య నేను పెట్టింది ఏ లోపమూ లేని ట్రాన్స్‌ఫార్మర్. అసలుదాని ప్రైమరీలో, అంటే వాల్వు వైపు చుట్టలో, 48 మిల్లీఆంపియర్ల డీసీ ఎప్పుడూ పారుతుంది. చుట్టినతను ఈ, ఐ రేకులను మామూలు పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లా ఒకటి ఇటు, తర్వాతిది అటు తిప్పుతూ పేర్చాడు. కోర్‌లో సందు లేక అది సాచురేట్ అయింది, అంటే ఆ డీసీకే అయస్కాంతత్వం నిండిపోయింది. ఈలన్నీ ఒకవైపు, ఐలన్నీ మరోవైపు పేర్చి, మధ్యలో కాగితం పెట్టించాను.

మీరు ముందే ట్రాన్స్‌ఫార్మర్‌ని కొలిచి, ఆ అంకెలే స్పైస్‌లో పెట్టండి. నాదాని ప్రైమరీ ఇండక్టెన్స్ 10 హెన్రీలు. వాల్వుకి కావలసిన 5.2 కిలో ఓమ్స్ నుంచి స్పీకర్ 8 ఓమ్స్‌కి అంటే ఇంపీడెన్స్ నిష్పత్తి 650, కాబట్టి స్పీకర్ వైపు సెకండరీ సుమారు 15 మిల్లీహెన్రీలు. రెండింటినీ 0.999 కప్లింగ్‌తో కలిపితే 73 హెర్ట్జ్ దగ్గరే 3 డీబీ పడిపోయింది. నా చెవికి తగ్గినట్టు అనిపించిందీ అక్కడే.

వాల్వు మోడల్‌నీ పూర్తిగా నమ్మకండి. 135 ఓమ్స్ కాథోడ్ రెసిస్టర్ మీద స్పైస్ 7.3 వోల్టులు చూపితే, నా పాత బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వు 8 ఇచ్చింది, అంటే కరెంటు ఎక్కువ లాగుతోంది. ప్లేటు 12 వాట్ల హద్దు దాటుతోందని 160 ఓమ్స్‌కి మార్చాను. చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీసి, ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో తప్పకుండా చూసుకోండి.

బేస్ కోసం 6 డీబీ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇస్తే, అంటే అవుట్‌పుట్‌లో కొంత తిరగేసి ఇన్‌పుట్‌కి పంపితే, స్పైస్‌లో ఆ 73 దాదాపు సగానికి దిగింది. బాగుంటుందా లేదా అన్నది ఇక వినే తేల్చాలి. ఫీడ్‌బ్యాక్‌తో స్పీకర్‌కి వెళ్ళే వోల్టేజీ సగమై శబ్దం తగ్గుతుంది, గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. అందుకే 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడూ లేనప్పుడూ స్పీకర్ దగ్గర 1 వోల్టు వచ్చేలా సరిచేయండి. తేడా ఒక శాతం లోపే ఉండాలి. హమ్ కోసం మాత్రం పాట ఆపేసి వినండి. తంబురా మోగుతుంటే, కరెంటు సరఫరా వల్ల వచ్చే 100 హెర్ట్జ్ హమ్ శ్రుతిలో కలిసిపోతుంది.

మా అమ్మాయిని స్విచ్ దగ్గర కూర్చోబెట్టి, నేను అటు తిరిగి కూర్చుని విన్నాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు తొప్పిని బట్టే ఏది ఏదో చెప్పగలిగాను. ఫీడ్‌బ్యాక్ ఉంచేశాను.